తాతయ్య కొట్టిన పొట్టు

మా తాతయ్య వంటింటి గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు. మంచినీళ్ళు కావలసినా వసారాలో నుంచుని "ఏమేవ్" అనేవారు. ఉప్పు తక్కువైనా, చారు పలచనైనా ఒక్క మాట అనేవారు కాదు. విస్తట్లో వేసింది తిని లేచిపోయేవారు. అలాంటి మనిషి, సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఉగాది దాకా వారానికోసారైనా, మండువాలో పాత గోనెసంచి పరుచుకుని, పక్కన కొబ్బరినూనె చిప్ప పెట్టుకుని, లేత పనసకాయ ముందేసుకుని కూర్చునేవారు. ఆ పూట మా ఇంట్లో పనసపొట్టు కూర అని వీధి చివరి ఇంటికి కూడా తెలిసిపోయేది. టకటకటకమని ఆ కత్తి చప్పుడు అంత దూరం వినపడేది.

పనసపొట్టు గురించి చెప్పేవాళ్ళంతా ఆవతో, అంటే నూరిన ఆవాల ముద్దతో, మొదలుపెడతారు. ఆవ సంగతి నేనూ చెబుతాను, అది లేకపోతే ఆ కూరకి ప్రాణం లేదు. కానీ నాకు ఆ కూర కత్తి దగ్గర మొదలవుతుంది. పొయ్యి మీద పని ముప్పావుగంట. అంతకు ముందు గంటన్నర సేపు ఒక మనిషి ఓపిగ్గా కూర్చుని కొడితే తప్ప ఆ ముప్పావుగంటకి అర్థం లేదు.

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో, అంబాజీపేట దగ్గర. నాన్నగారి ఉద్యోగం కాకినాడలో. సెలవలిస్తే చాలు, కోటిపల్లి దాకా బస్సు, రేవులో లాంచీ ఎక్కి గోదావరి గౌతమి పాయ దాటి ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి మళ్ళీ బస్సు. లాంచీ దిగగానే గాలి మారిపోయేది. కాలవ గట్లు, కొబ్బరితోటలు, తోటల్లో అరటి, కంద, గట్ల మీద పనసచెట్లు. మా తాతయ్యకి నాలుగెకరాల కొబ్బరితోట ఉండేది, ఇంటి పెరట్లో నూతి పక్కన ఒక్క పనసచెట్టు. దాన్ని ఆయన తండ్రిగారు వేశారట. పనసకి కాయలు కొమ్మల చివర కాయవు, మొదల్లోంచీ లావుపాటి కొమ్మల్లోంచీ పుట్టుకొస్తాయి. మా చెట్టుకైతే నేల మీదికి ఒరిగినట్టుండే కాయలు కూడా ఉండేవి. చిన్నప్పుడు నేను వాటి పక్కన కూర్చుని ముళ్ళు లెక్కపెట్టేవాణ్ణి. ఒక్కో ముల్లూ ఒక్కో పువ్వు గుర్తని, పనసకాయంటే కొన్ని వందల పువ్వులు కలిసి ఒక్క కాయైనదని పెద్దయ్యాక తెలిసింది.

పొట్టుకి కాయ ఎంచడం ఒక విద్య. మరీ పిందె అయితే వగరు. గింజ గట్టిపడితే ఇక పొట్టుకి పనికిరాదు, ముక్కల కూరకో పులుసుకో వెళ్ళాల్సిందే. గింజ ఇంకా పాలచుక్కలా మెత్తగా ఉండి, తొనకీ పీచుకీ తేడా ఏర్పడని కాయ కావాలి. అప్పుడు లోపలంతా ఒకే రకంగా నలుగుతుంది. తాతయ్య చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, కాయని అరచేత్తో తట్టి, బొటనవేలి గోరు గుచ్చి చూసేవారు. పాలు చటుక్కున కారితే తల ఊపేవారు.

కోసిన కాయని కాసేపు తలకిందులుగా నూతి చప్టా మీద వదిలేసేవారు, జిగురు కారిపోవడానికి. తర్వాత రెండు చేతులకీ మణికట్లు దాటి కొబ్బరినూనె. కత్తికీ నూనె. తొడిమ మాత్రం తీసేవారు కాదు, అదే ఎడంచేతికి పిడి. ముళ్ళ చెక్కు పైనుంచి కిందికి ఒక్కో పట్టీగా చెక్కేసేవారు. లోపలి కాయ గుమ్మపాల రంగులో బయటపడేది. ఇక అప్పుడు మొదలు. కాయని నిలబెట్టి, తిప్పుకుంటూ, కత్తి అంచుతో పైపైన గాట్లు. నిలువుగా, ఏటవాలుగా, మళ్ళీ అడ్డంగా. కత్తి లేవడం కనిపించేది కాదు, చప్పుడొక్కటే వినపడేది. కాయ చుట్టూ ఆ పొర అంతా నలిగాక, కత్తిని పక్కకి వాల్చి దాన్ని పల్చగా దూసేవారు. వాన చినుకుల్లా పొట్టు రాలేది. మళ్ళీ గాట్లు, మళ్ళీ దూయడం. రాలిందాంట్లో పెద్ద ముక్క కనబడితే తీసి చెక్క మీద పెట్టి మళ్ళీ కొట్టేవారు.

"రంపపు పొట్టు చూశావా? అలా ఉండాలి," అనేవారు నాతో. ఆ మాటతోనే నాకు ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిసింది. ధాన్యం పొట్టు, రంపపు పొట్టు, పనసపొట్టు. అంత సన్నం కాకపోతే అది ముక్కలేగాని పొట్టు కాదు. నేను ఇవాళ్టికీ ఆ లెక్కలోనే చూస్తాను. పెళ్ళిళ్ళలో చిటికెనవేలంత ముక్కలు వేసి పనసపొట్టు అని వడ్డిస్తే నాకు బాధగా ఉంటుంది. మిక్సీలో తిప్పితే ఇంకా అన్యాయం. కత్తి కోస్తుంది, మిక్సీ చితక్కొడుతుంది. చితికిన పొట్టు ఉడికాక ముద్దవుతుంది. కత్తితో కొట్టింది ఉడికి పిండినా పలుకుపలుకుగా, తింటుంటే పళ్ళకింద తెలిసేటట్టు ఉంటుంది.

ఈ గంటన్నరలో తాతయ్యా అమ్మమ్మా మాట్లాడుకునేవారు. మిగతా రోజంతా వాళ్ళిద్దరి మధ్య నాలుగు మాటలుంటే ఎక్కువ. పొట్టు కొట్టే వేళకి అమ్మమ్మ వంటింటి గుమ్మం పక్కన, మండువాలోకి కనబడేటట్టు కూర్చుని, బియ్యమో పప్పో ఏరుకుంటూ ఉండేది. కాలవలు ఎప్పుడు కట్టేస్తారు, కొబ్బరికాయ వెయ్యి ఎంత పలికింది, పెద్దపిల్ల దగ్గర్నుంచి ఉత్తరం ఎందుకు రాలేదు, రెండోదానికి ఆ పలివెల సంబంధం చూద్దామా వద్దా. కత్తి ఆగకుండానే తాతయ్య జవాబులు చెప్పేవారు. ఇంటి నిర్ణయాలు చాలామట్టుకు పనసకాయ మీదే అయ్యాయని అమ్మ అంటుంది. అమ్మ పెళ్ళి కూడా.

అమ్మమ్మ కళ్ళు బియ్యం మీదే ఉన్నా చెవి కత్తి మీద ఉండేది. కాయ నడిమధ్య గట్టి కాడ ఒకటి ఉంటుంది. కత్తి దాని దగ్గరికొచ్చేసరికి చప్పుడు మారుతుంది. టకటక పోయి టంగుటంగు అంటుంది. తాతయ్య ఆపేలోపే అమ్మమ్మ అనేది, "ఏవండీ, కాడ తగిలింది, చాలు." ఆ కాడా, ముళ్ళ చెక్కూ ఏరి తాతయ్య దొడ్లోకి తీసుకెళ్ళేవారు. గేదెకి అవి ఇష్టం. కాడ మాత్రం చేత్తో నోటికి అందించేవారు. ఆ పని అయ్యాకే చేతుల జిగురు కడుక్కోవడానికి నూతి దగ్గరికి.

పనసకాయ గురించి అమ్మమ్మ చెప్పే కథ ఒకటుంది. మా వైపు చాలా ఇళ్ళలో చెబుతారు. వసిష్ఠుడు తద్దినానికి విశ్వామిత్రుణ్ణి భోక్తగా పిలిచాడట. వస్తాను గాని 1008 కూరలు వడ్డించాలి అన్నాడట విశ్వామిత్రుడు. అరుంధతి సరేనంది. తీరా విస్తరి ముందు కూర్చుంటే కాకరకాయ కూర, నల్లేరు పచ్చడి, పనసకాయ కూర, ఇంకో ఎనిమిది కూరలూ ఉన్నాయి. ఇదేమిటంటే అరుంధతి శ్లోకం చెప్పింది: శ్రాద్ధకాలంలో కాకర నూరు కూరలకి సమానం, నల్లేరు మూడు వందలకి, పనస ఆరు వందలకి. అవి వెయ్యి, మిగతావి ఎనిమిది. విశ్వామిత్రుడు మారు మాట్లాడకుండా భోంచేసి వెళ్ళాడట. కథ చెప్పాక అమ్మమ్మ వేళ్ళు ముడిచి చూపించేది, "నూరు, మూణ్ణూరు, ఆర్నూరు." నేను లెక్కలు నేర్చుకున్నది అలాగే. "ఆ వసిష్ఠుడి పాయ మనకి పడమట, విశ్వామిత్రుడి కౌశిక ఇదిగో ఇక్కడే. వాళ్ళిద్దరి తగువూ మన సీమలోదే," అనేది. సప్తర్షుల పేర్లతో గోదావరికి ఏడు పాయలు చెప్పుకునే చోట పుట్టినవాళ్ళకి, ఆ ఋషులు ఎక్కడో పురాణంలోవాళ్ళు కాదు, పక్కూరివాళ్ళు.

పనసకాయ దొరికినప్పుడే తద్దినం పెట్టమన్న సామెత ఈ కథలోంచే వచ్చిందేమో అని నాకనిపిస్తుంది. ఆర్నూరు కూరల పెట్టు ఒక్క కాయలో చేతికొస్తే ఎవరు వదులుకుంటారు!

ఇక పొయ్యి దగ్గరికి. పొట్టు గాలి తగిలితే నల్లబడుతుంది. అందుకని అమ్మమ్మ ఇత్తడి గిన్నెలో పసుపు కలిపిన నీళ్ళు సిద్ధంగా ఉంచేది. రాలిన పొట్టు రాలినట్టు అందులోకి వెళ్ళేది. తర్వాత పసుపు, ఉప్పు, కొంచెం చింతపండు పులుసు వేసి ఉడికించడం, సిబ్బి మీద వార్చడం, గుప్పెడు గుప్పెడు తీసి రెండు అరచేతుల మధ్య నీళ్ళు పోయేదాకా పిండటం. పిండటంలో బద్ధకిస్తే కూర చెమ్మగా, చప్పగా అవుతుంది. మూకుట్లో పప్పునూనె, అంటే నువ్వులనూనె. చెయ్యి వెనక్కి లాక్కోకుండా పొయ్యాలి. సెనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, ఆ మీద పచ్చిమిరపకాయలు, అల్లం, కరివేపాకు. వేరుసెనగపప్పు వేసేవాళ్ళూ ఉన్నారు, జీడిపప్పు వేసేవాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లో గుమ్మడివడియాలు వేయించి, వడ్డించే ముందు నలిపి కలిపేవారు. చింతపండు పులుసు చిక్కగా పిండి పోపులో ఉడికించి, పొట్టు వేసి, కలిపి దింపేయడమే. ఉల్లిపాయ, వెల్లుల్లి, మసాలా ఈ కూరకి అక్కర్లేదు. వేసుకునేవాళ్ళ ఇష్టం వాళ్ళది, నేను కాదనను. కానీ దాన్ని పనసపొట్టు ఆవపెట్టిన కూర అనకూడదు.

దింపాక అసలు పరీక్ష. ఆవ ఎప్పుడు పెట్టాలి?

ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, రవ్వంత ఉప్పు సన్నికల్లు మీద వేసి, నీళ్ళు చిలకరించుకుంటూ నూరేది అమ్మమ్మ. ఎండు ఆవాలకి ఘాటు ఉండదు. నోట్లో వేసుకుని చూడండి, ముందు చప్పగా చేదుగా ఉంటాయి. నలిగి తడి తగిలాకే ముక్కుకి ఎక్కుతుంది. ఆ ముద్దలో రెండు చెంచాల పచ్చి పప్పునూనె కలిపి మూతపెట్టి, కూర దగ్గరికొచ్చి అరచెయ్యి దాని మీద ఆనించేది. వేడి తగిలితే "ఇంకా లేదు" అని వెళ్ళిపోయేది. మేమంతా ఆకలితో చూస్తూ ఉండేవాళ్ళం. మళ్ళీ వచ్చి చెయ్యి ఆనించేది. పూర్తిగా చల్లారాకే ఆవ కలిపేది. వేడి కూరలో ఆవ పెట్టిన కోడల్ని ఊరంతా చెప్పుకునేవారు.

ఇదంతా చాదస్తమనుకునేవాణ్ణి. కాకినాడ కాలేజీలో రసాయనశాస్త్రం చదివేటప్పుడు తెలిసింది. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక చోట, మైరోసినేస్ అనే ఎంజైమ్ ఇంకో చోట విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితే రెండూ కలుస్తాయి, అప్పుడు పుడుతుంది ముక్కుపుటాలు అదరగొట్టే ఆ నూనె. వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరైపోతుంది, చేదు మిగులుతుంది. ఆ పాఠం విన్న రోజు సాయంత్రమే అమ్మమ్మకి కార్డు రాశాను. ఆవిడ జవాబు మామయ్య చేత రాయించింది: "చల్లారాక పెట్టాలని నీకు చిన్నప్పుడే చెప్పాను కదరా."

పిన్ని పెళ్ళి 1977 ఫాల్గుణంలో. ఇంటి ముందు వీధికి అడ్డంగా తాటాకు పందిరి. అయిదు వందల మందికి వంట. ముందురోజు సాయంత్రం ఎడ్లబండిలో పనసకాయలు దిగాయి, చుట్టుపక్కల తోటల్లోంచి ఏరి తెచ్చినవి, ముప్ఫైకి పైనే. రాత్రి భోజనాలయ్యాక పందిట్లో పెట్రోమాక్సు లైట్లు వెలిగించి, ఆరుగురు మనుషులు వరసగా కూర్చున్నారు. పెళ్ళిళ్ళకి పొట్టు కొట్టడమే వాళ్ళ పని. ఆరు కత్తులు ఒక్కసారి మొదలయ్యేసరికి సన్నాయి లేకపోయినా పెళ్ళి మొదలైనట్టనిపించింది. ఒకళ్ళ చప్పుడు ఇంకొకళ్ళ చప్పుడుతో కలిసి, విడిపోయి, మళ్ళీ కలిసి. మేం పిల్లలం అక్కడే చాపల మీద పడుకున్నాం. తాతయ్య పెళ్ళికూతురి తండ్రి, వంద పనులున్నాయి. అయినా మధ్యలో వచ్చి, ప్రతి గుట్టలోంచీ చిటికెడు పొట్టు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి వెళ్ళేవారు. ఒకాయన దగ్గర మాత్రం నుంచుండిపోయి, "నీ చెయ్యి నా చేతికంటే సన్నం నాయనా," అన్నారు. ఆయన నోటివెంట మెచ్చుకోలు నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ మనిషి తలెత్తకుండా నవ్వాడు. చేతులు జిగురుతో నల్లగా ఉన్నాయి.

తెల్లారి గాడిపొయ్యి మీద గంగాళాల్లో ఉడికింది. చల్లార్చడానికి కొత్త చాపల మీద తడిపి పిండిన తెల్లపంచెలు పరిచి, వాటి మీద కూర ఆరబోశారు. ఆవ రోళ్ళలో నూరారు. నూరే ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటుంటే మగపెళ్ళివారి ఆవిడెవరో పిల్లని పంపుతున్నందుకు ఏడుస్తున్నారనుకుని ఓదార్చడానికి వచ్చిందట. ఆ పంక్తిలో ముద్దపప్పూ నెయ్యీ, పనసపొట్టు, గుమ్మడికాయ దప్పళం, బూరెలు. మారు వడ్డన అడిగింది పొట్టుకే. మా సీమలో పెళ్ళి భోజనానికి పనసపొట్టు లేదంటే అది ఏ కాలపు పెళ్ళో చెప్పేయొచ్చు, కాయ దొరకని కాలానిది.

మర్నాటి పొట్టు గురించి కూడా చెప్పాలి. ఆవ పెట్టిన కూర రాత్రంతా ఊరితే పులుపూ ఘాటూ ఒకదాంట్లోకి ఒకటి దిగుతాయి. పొద్దున్నే చద్దన్నంలో కలుపుకుని తిన్న ఆ ముద్ద ముందు పెళ్ళి పంక్తి దిగదుడుపే. మా అక్క ఇప్పటికీ అదే అంటుంది.

తాతయ్య 1993లో, మాఘ బహుళంలో పోయారు. పెరట్లో చెట్టు నిండా పిందెలు. మర్నాటి ఏడు ఆబ్దికం వచ్చేసరికి అమ్మమ్మ ఒక్కటే అంది, ఆయన తద్దినానికి కొన్న పొట్టు వండకూడదు, మన చెట్టు కాయే, మనవాళ్ళ చేత్తో కొట్టాలి. పెద్దమామయ్యకి కత్తి పట్టడం రాదు. పైగా ఆయన కర్త. చిన్నమామయ్య బొంబాయి నుంచి రాలేకపోయాడు. అమ్మమ్మ నన్ను పిలిచింది. శ్రాద్ధాన్ని పవిత్రం చేసేవి మూడు, దౌహిత్రుడు, కుతపకాలం (మిట్టమధ్యాహ్నపు వేళ), నువ్వులు అని మనుస్మృతిలో ఉంది. కూతురి కొడుకు ఆ పూట ఉండటమే మంచిదంటారు. "నువ్వే కొట్టాలిరా, నువ్వాయన ఎదురుగా కూర్చుని చూశావు," అంది.

తెల్లవారుజామునే కాలవలో స్నానం చేశాను. గోదావరి ఒడ్డున సంకల్పంలో కాటన్ దొరని భగీరథుడని తలుచుకునే పురోహితులు మా వైపు ఉన్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే గదా ఈ కాలవలూ, ఈ నీళ్ళూ. తడిబట్టతో వచ్చి, చెట్టు దగ్గర కాయ కోసి, మండువాలో తాతయ్య కూర్చున్న చోటే కూర్చున్నాను. పదేళ్ళ పాటు చూశాను, అయినా చేతికి రాలేదు. గాట్లు లోతుగా పడ్డాయి, పొట్టు బదులు రేకులు ఊడొచ్చాయి. తొడిమ పట్టు తప్పి ఎడంచేతి చూపుడువేలు తెగింది. మడిలో రక్తం చుక్క పడిందని ఆ కాయ పక్కన పెట్టించి ఇంకోటి కోయించింది అమ్మమ్మ. రెండో కాయకి రెండు గంటలు పట్టింది. వంటింట్లోంచి ఒక్క మాట రాలేదు. కాడ తగిలిన చప్పుడు నాకే వినపడింది, ఆపాను. కాసేపయ్యాక లోపల్నుంచి అమ్మమ్మ ముక్కు చీదుకోవడం వినపడింది.

తద్దినం వంటలో మా ఇంట మిరపకాయ, ఇంగువ వాడరు. కారానికి మిరియం, అల్లం. ఆవ మా ఆచారంలో ఉంది. అందుకని ఆ రోజు పొట్టు పెళ్ళిపొట్టులా ఎర్రగా, ఘాటుగా ఉండదు. తెల్లగా, పసుపుపచ్చగా, నెమ్మదిగా నాలుక మీదికి ఎక్కే కారంతో ఉంటుంది. చిన్నప్పుడు అది చప్పిడి కూర అనుకునేవాణ్ణి. ఇప్పుడు వేరేగా తోస్తుంది. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చింది 16వ శతాబ్దంలో. పనసచెట్టు మన పడమటి కనుమల్లోదే, ఆవా మిరియమూ అంతకంటే ఎన్నో శతాబ్దాలుగా మన వంటిళ్ళలో ఉన్నవే. అంటే పితృదేవతల పేరున ఏడాదికోసారి వండే ఆ తెల్లటి పొట్టే పాతది. మనం రోజూ తినేది తర్వాత మారింది. పాత వంటని అక్షరం పొల్లుపోకుండా దాచిపెట్టినవి తద్దినాలే. ఈ మాట నేను గట్టిగా నమ్ముతాను.

1996 నవంబరు 6న, దీపావళికి నాలుగు రోజుల ముందు, తుపాను కోనసీమ మీదుగా పోయింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. మూడో రోజుకి నేను ఊరు చేరాను. తోటలో ఎక్కడ నుంచున్నా ఆకాశం కనపడుతోంది. మా ఊళ్ళో అంత ఆకాశం నేనెప్పుడూ చూడలేదు. పెరట్లో పనస వేళ్ళతో సహా పెకలి నూతి వరలకి అడ్డంగా పడి ఉంది. అమ్మమ్మ దాని మొదలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఆయన ఉండగా పడలేదు, నయం," అంది.

పనసకర్ర మంచి జాతి. బొబ్బిలి వీణలు చేసేది ఆ కర్రతోనే. మామయ్య దాన్ని కోయించి ఆరబెట్టి, దేవుడి గదికి తలుపులూ, ఆరు పీటలూ చేయించాడు. కోసినప్పుడు పసుపు ముద్దలా ఉన్న కర్ర ఏళ్ళు గడిచేకొద్దీ తేనెరంగుకి తిరిగింది. చెట్టు పడిన గోతిలోనే ఓ గింజమొక్క నాటారు. గింజమొక్క కాపుకి రావాలంటే ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఆ మధ్య ఏళ్ళు పక్కవాళ్ళ చెట్టు కాయ తెచ్చుకున్నాం. 2005 మాఘంలో కొత్త చెట్టు మొదటి కాయ కోశాను. ఆ పొట్టు అమ్మమ్మ తింది. అదే ఏడు శ్రావణంలో వెళ్ళిపోయింది.

ఇప్పుడు రాజమండ్రిలోనూ అమలాపురంలోనూ బజార్లో కాయ ఎంచుకుంటే అక్కడే కొట్టి ఇచ్చేవాళ్ళున్నారు. సంచుల్లో కట్టిన పొట్టు హైదరాబాదుకీ వస్తోంది. అందులో తప్పేం లేదు. పిన్ని పెళ్ళిపందిట్లో కూర్చున్న ఆ ఆరుగురి విద్యే అది, బతికి ఉంది, సంతోషం. ఎండలో కూర్చుని, నల్లబడిన చేతులతో కొడుతున్న మనిషి దగ్గర బేరమాడేవాళ్ళని చూస్తే మాత్రం నాకు కోపమొస్తుంది. గంటన్నర పని అది. ఇంట్లో ఒక్కసారి కొట్టి చూడండి, మళ్ళీ జన్మలో బేరమాడరు.

నేను ఏటా మాఘంలో ఊరెళతాను. పెద్దమామయ్య ఉన్నారు, ఎనభై దాటాయి. అత్తయ్య మడి కట్టుకుని వంట చేస్తుంది. తద్దినానికి ఒక కాయ కొడతాను. మర్నాడు ఇంకొకటి కొడతాను, అది అమ్మ కోసం. తద్దినం వంట ఊరు దాటించం కదా. అమ్మ నాతో హైదరాబాదులో ఉంటుంది, మోకాళ్ళ వల్ల ప్రయాణం చెయ్యలేదు. అత్తయ్య ఆ కూరని పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి, ఆవ మాత్రం కలపకుండా, నూరని ఆవాలూ మిరపకాయలూ చిన్న పొట్లం కట్టి ఇస్తుంది. "దారిలో ఘాటు చచ్చిపోతుంది, అక్కడే నూరుకోమను," అని.

ఈ ఏడూ అలాగే తెచ్చాను. అమ్మ పొట్లం విప్పి చిన్న కలవంలో తనే నూరింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. కలిపి, వేళ్ళ చివర్లతో నాలుగు పలుకులు తీసుకుని నలిపి చూసింది.

"ఇంకా కొంచెం సన్నంగా పడాలిరా."

"అవునమ్మా."

"మొన్నటేటి కంటే నయం." కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆవ ముక్కుకెక్కి కళ్ళు మూసుకుంది. రెండో ముద్ద కలుపుతూ అడిగింది, "కాడ ఏం చేశావు?"

"గేదెకి పెట్టానమ్మా."

"మనకి గేదెలేవిరా ఇప్పుడు?"

"పక్కింటివాళ్ళది. చేత్తోనే పెట్టాను."

"సరే అయితే," అని ఇంకాస్త అన్నం వడ్డించమంది.